ఎదురింటామె

ఆసుపత్రి కింది అంతస్తులో, వంటగదికీ బట్టలుతికే గదికీ మధ్య, కిటికీ లేని గది ఒకటి ఉంది. ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పట్టకార్లూ గిన్నెలూ అక్కడికి వచ్చి, శుభ్రపడి, ఆరి, ఆకుపచ్చ గుడ్డల్లో మూటలై, ఆవిరి యంత్రంలో ఉడికి మళ్ళీ పైకి వెళ్తాయి. ఆ గదిలో పొద్దుటి డ్యూటీ ముగ్గురు ఆడవాళ్ళది. అందరికంటే పాతకాపు పెద్దక్క. నోరు మూతపడని ఆవిడ రేడియో. మూడో ఆమె ఒక్కొక్క కత్తెరనీ తెరిచి, దీపం కింద పట్టి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూస్తుంది. అందుకని ఆమెకి నిదానం అని రేడియోనే పేరు పెట్టింది. పేరు అతికినట్టు సరిపోయింది. కానీ అది నిదానం కాదు, భయం. ఏ పొరపాటు ఎక్కడ బయటపడుతుందో, దానికి ఎవరేమంటారో అని లేచింది మొదలు ఆమెకి ఒకటే గుబులు. ఆ సంగతి మిగతా ఇద్దరికీ తెలియదు.

గురువారం నాడు రేడియో టీ తాగుతూ పేపరు విప్పింది.

"ఆదివారం మన ముగ్గురికీ సెలవే కదా. మ్యూజియంలో బొమ్మలు పెట్టారట, వెళ్దామా? టికెట్టు కూడా లేదట."

"బొమ్మల గురించి మనకేం తెలుసే," అంది పెద్దక్క, మూట మీద టేపు అంటిస్తూ.

"చూడ్డానికి తెలియాలా ఏంటి? ఎవరో స్కూల్లో డ్రాయింగు టీచరట. పెళ్ళీ పెటాకులూ లేవు. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదట. పోయాక ఇంట్లో చూస్తే మంచం కిందా బీరువా వెనకా అన్నీ బొమ్మలేనట. ఇదిగో, ఒకటి వేశారు."

నిదానం వంగి చూసింది. అరచేతిలో పట్టేంత ఫొటో, అచ్చు సరిగ్గా పడక మసిబారినట్టుంది. ఏదో ఇంటి వెనక బాల్కనీ. గోడ వెంట నీళ్ళ గొట్టం, దానికి రెండు చోట్ల చుట్టిన తీగ. కటకటాల్లో ఒక ఊచ బయటికి వంగి ఉంది. కింద, తలుపు పక్కన, మోకాళ్ళు గుండెలకి లాక్కుని కూర్చున్న ఆడమనిషి. మొహం మోకాళ్ళలో ఉంది.

ఆ తీగ కట్టింది తనే. గొట్టం బీటవేసి గోడంతా నానిపోతుంటే స్టూలెక్కి, పళ్ళతో తీగ కొస పట్టుకుని మరీ కట్టింది.

చేతిలో కత్తెర ట్రేలో పడి ఖంగుమంది.

"ఏమైందే?" అంది పెద్దక్క.

"చెయ్యి జారిందక్కా."

పడిన కత్తెరని మళ్ళీ కడగాలి. నిదానం తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఊపిరి పీల్చుకుంది. ఎదురు బిల్డింగులో ఉండే టీచరమ్మ ఆమెకి గుర్తుంది. నెరిసిన ముడి, భుజానికి గుడ్డసంచి, వీధిలో ఎదురుపడితే ఒక చిన్న తలపంకింపు. ఆవిడ కిటికీకి ఎప్పుడూ సగం దాకా తెర ఉండేది. ఆ తెర వెనక మనిషి నిలబడి చూస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తోచలేదు.

ఇది ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా? వేరే వాటిలో మొహం ఉందా? తను రానంటే వీళ్ళిద్దరే వెళ్తారు. వెళ్ళి ఏం చూశారో, చూసి ఏం గుర్తుపట్టారో తనకి తెలియదు. సోమవారం పొద్దున వీళ్ళ మొహాల్లో వెతుక్కోవాలి. అంతకంటే వెళ్ళడమే నయం.

"నేనూ వస్తాను," అంది, కుళాయి కట్టేసి.

"చూశావా అక్కా, నిదానమే ఒప్పుకుంది," అని నవ్వింది రేడియో.

ఇంటికీ అదే పేపరు వస్తుంది. ఆ సాయంత్రం మాస్టారు బడి నుంచి రాకముందే నిదానం ఆ నడిమి కాగితం తీసి, వంటింటి అరలో డబ్బాల కింద పరిచేసింది. మాస్టారంటే ఆమె భర్త. లెక్కలు చెబుతాడు. బిల్డింగులో ఎవరికి ఎవరితో పేచీ వచ్చినా ఆయన దగ్గరికే వస్తారు, ఆయన మాట అంత మెత్తగా ఉంటుంది. పెళ్ళాం మీద చెయ్యెత్తిన మనిషి కాదు, గొంతెత్తిన మనిషి కూడా కాదు. నిదానానికి ఉన్న చిక్కంతా అదే. ఎవరితోనైనా చెప్పుకుందామంటే చెప్పడానికి ఏమీ లేదు.

శనివారం సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని వారం పేపర్లన్నీ ముందేసుకున్నాడు. ప్రతి శనివారమూ వాటిని సరిగ్గా మడిచి కట్ట కట్టడం ఆయనకి అలవాటు.

"గురువారంది నడిమి కాగితం లేదే," అన్నాడు.

నిదానం కూర తరుగుతోంది. కత్తి ఆగకుండా చూసుకుంది. "అరలో వేశానండి. నూనె కారుతుంటే."

"పాత పేపర్లు లేవా?"

"చేతికి అదే అందింది."

ఆయన లేచి వచ్చాడు. అర దగ్గర నిలబడి ఒక్కొక్క డబ్బానీ రెండు చేతులా ఎత్తి కింద పెట్టాడు, శబ్దం కాకుండా. కాగితం లాగి, దులిపి, దీపం కింద పట్టుకున్నాడు. ఎక్కడా నూనె మరక లేదు. ఒక వైపు చదివాడు, తిప్పి రెండో వైపు చదివాడు. ఆ ఫొటో దగ్గర ఆయన చూపు ఆగింది. నిదానానికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఇందులో దాచేంత ఏముంది?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ బాల్కనీని ఆయన ఎప్పుడూ లోపలి నుంచే చూశాడు. అవతలి నుంచి అది ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు.

"దాచలేదండి. రేపు మా వాళ్ళు ఆ బొమ్మలకి వెళ్దామన్నారు. మిమ్మల్ని అడుగుదామనే..."

"అడగడానికి కాగితం తీసి డబ్బాల కింద పెట్టావా?" నవ్వాడు. "వెళ్ళు. నేనేనాడైనా వద్దన్నానా? నేనూ వస్తాను, చిట్టినీ తీసుకెళ్దాం. అందరం కలిసి చూద్దాం." కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఈలోపు కాస్త గాలికి కూర్చో. అబద్ధం ఆడాలని ఎందుకనిపించిందో ఆలోచించుకో."

ఆయన ఎప్పుడూ తోయలేదు. తోయాల్సిన పని ఉండేది కాదు. నిదానం కత్తి కడిగి, చెయ్యి తుడుచుకుని, తనంతట తనే బాల్కనీలోకి వెళ్ళింది. వెనక గడియ పడింది.

చలిగాలి వీస్తోంది. చెప్పులు లోపలే ఉండిపోయాయి. ముందుగదిలో చిట్టి చదువుకుంటూ ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మ బట్టలు ఆరేస్తోందనో తీస్తోందనో అనుకుంటుంది. కూతురికి ఏమీ తెలియదన్నదే ఆమెకి ఉన్న ఒకే ఒక్క ఊరట. గొంతులో దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది అందుకే.

ఎదురు కిటికీలో ఇప్పుడు వేరే ఎవరో ఉంటున్నారు. తెర లేదు, పసిపిల్లల బట్టలు ఆరేశారు. నిదానం ఎప్పటిలాగే మోకాళ్ళు దగ్గరికి లాక్కోబోయి ఆగింది. అలాగే కదా ఆ బొమ్మలో ఉన్నది. కాళ్ళు చాపుకోబోయింది, అదీ ఇబ్బందిగానే ఉంది. ఎలా కూర్చోవాలో తెలియక గోడ పట్టుకుని నిలబడింది. 

చీకటి పడ్డాక గడియ తీసిన చప్పుడైంది. "రా, చల్లారిపోతోంది," అన్నాడు మాస్టారు, ఏమీ జరగనట్టే.

ఆదివారం మ్యూజియం మెట్ల దగ్గర పెద్దక్కా రేడియో ముందే వచ్చి ఉన్నారు. మాస్టారు ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. పెద్దక్క మోకాలి నొప్పి గురించి అడిగాడు, మెట్లెక్కుతుంటే చెయ్యి ఆసరా ఇవ్వబోయాడు. రేడియో నిదానం చెవిలో, "అదృష్టవంతురాలివే. మా ఆయన్ని ఇలాంటి చోటికి రమ్మంటే జ్వరం తెచ్చుకుంటాడు," అంది. నిదానం నవ్వడానికి ప్రయత్నించింది. చిట్టి అమ్మ పక్కనే నడిచింది.

మొదటి గదిలో బడి బొమ్మలున్నాయి. తరగతి బయట విడిచిన చిన్న చిన్న చెప్పులు, సుద్దముక్క పట్టుకున్న వేళ్ళు, బెంచీ మీద నిద్రపోతున్న ఆయా. రేడియో ప్రతి దాని ముందూ ఆగి, "అచ్చం మా చిన్నప్పటి బడే," అంటోంది. రెండో గదిలో అన్నీ కుండీలు, పిల్లులు. నిదానానికి ఏదీ కంటికి ఆనడం లేదు. గోడ మీద ఒక్కొక్క చట్రం దాటుతున్నప్పుడల్లా, ఇది కాదు, ఇది కాదు అని లోపలే అనుకుంటోంది. ఇక్కడితో అయిపోతే బాగుండును. పేపర్లో వేసింది ఒక్కటే ఉంటే, అది ఏ మూలో ఉంటే, అటు వెళ్ళకుండా తిరిగిపోతే...

మూడో గది అన్నిటికంటే పెద్దది. గుమ్మం పక్కన 'ఎదురింటామె' అని రాసి ఉంది. గోడ పొడుగునా ఒకే బాల్కనీ.

 ఎండలో బాల్కనీ, మంచులో బాల్కనీ, వానలో బాల్కనీ. మొదటి వాటిలో ఆడమనిషి నిలబడి తలుపు మీద చెయ్యి ఆనించి ఉంది. తర్వాత్తర్వాత నిలబడటం మానేసింది, కూర్చుని ఉంది. జుట్టు పలచబడింది. ఎక్కడా మొహం పూర్తిగా లేదు, చెక్కిలి వంపో మెడో అంతే. కానీ ఆ మెడ తనది. చీరలు తనవి. చిలకపచ్చది ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డ అయింది.

"పేపర్లో వేసింది ఇదే," అంది రేడియో. "ఇంత వానలో కూర్చుందేం, లోపలికి పోక?"

"ఎలా పోతుంది?" పెద్దక్క కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వెళ్ళింది. "తలుపు చూడు. బయటి గడియ తీసే ఉంది, లోపల్నుంచి వేసేశారు."

"అయ్యో, ఎవరూ?"

మాస్టారు వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నిదానం ఆయన వైపు చూడలేదు. చూడకుండానే ఆయన ఊపిరి ఎలా ఉందో వింటోంది. ఆయనకి ఇంకా తెలియలేదు. తెలిసిన క్షణం తనకి తెలుస్తుంది.

"బొమ్మలన్నాక సగం ఊహే ఉంటుందండీ," అన్నాడు ఆయన, క్లాసులో చెప్పినట్టు. "ఎవరో గాలికి కూర్చుని ఉంటారు. ఒంటరి మనిషి కదా, ఈవిడ చూసి ఏదో కథ అల్లుకుంది."

"గాలికి అయితే చెప్పులేసుకోదా?" అంది పెద్దక్క, మంచులో ఉన్న బొమ్మ చూపిస్తూ. "చలికాలం మాస్టారూ. కుండీలో మొక్క ఎండిపోయి ఉంది చూడండి. ఒట్టి కాళ్ళతో ఉంది."

పక్కన ముసలి దంపతులు నిలబడి చూస్తున్నారు. ఆవిడ భర్తతో మెల్లిగా, "పాపం, ఎవరి బిడ్డో. ఇన్నేళ్ళు," అంది. ఆ మాట గదిలో అందరికీ వినిపించింది.

తర్వాతి పటంలో తలుపు సగం తెరిచి ఉంది. ఆడమనిషి అప్పుడే బయటికి వచ్చినట్టుంది, చీర కొంగు ఇంకా లోపలే ఉంది. తలుపు సందులో ఒక మగచెయ్యి, గడియ మీద. గళ్ళ చొక్కా. కుడి మణికట్టుకి గడియారం, ముఖం లోపలి వైపుకి తిప్పి పెట్టుకున్నది.

"గడియారం కుడిచేతికి పెట్టుకున్నాడు చూడు, మన..." అని రేడియో మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయింది. ఆమె నోరు మధ్యలో ఆగడం నిదానం ఎన్నడూ చూడలేదు.

మాస్టారి కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్ళింది. చాలా నెమ్మదిగా వెళ్ళింది, ఎవరూ చూడకూడదన్నట్టు. అందువల్లే అందరూ చూశారు.

 నిదానానికి ఇంటికెళ్ళాక అన్న ఒక్క ఆలోచనే మిగిలింది. ఇంటికెళ్ళాక ఏమవుతుంది? ఎంతసేపు? ఈసారి తలుపు తీస్తాడా? చూపు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కకి తిరిగింది. చిట్టి ఆ వరుసలో ఆఖరి పటం ముందు కదలకుండా నిలబడి ఉంది.

అందులోనూ అదే బాల్కనీ, అదే ఆడమనిషి, తలుపుకి వీపు ఆనించుకుని. అయితే వంటింటి కిటికీ తెరిచి ఉండటంతో లోపల కూడా కొంచెం కనిపిస్తోంది. తలుపుకి అవతలి వైపు, నేల మీద, ఒక పిల్ల కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తలుపుకి వీపు ఆనించి. ఇద్దరి వీపుల మధ్యా ఒక్క చెక్క తలుపు.

"ఇదేంటి, లోపల కూడా ఎవరో ఉన్నారే," అంది రేడియో గొంతు తగ్గించి.

"నేనే," అంది చిట్టి.

 గుమ్మం దగ్గర కాపలా మనిషి కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"ఏం మాటలవి," అన్నాడు మాస్టారు మెత్తగా. "పదండి, ఆలస్యమైంది. చిట్టికి పరీక్షలు." ఆయన నిదానం మోచేతి కోసం చెయ్యి చాచాడు, ఎడమచెయ్యి. ఆ చెయ్యి చేరేలోపు పెద్దక్క మధ్యలోకి వచ్చి నిలబడింది. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా చూసుకోకుండా వేడి యంత్రం తలుపు దగ్గరికి వెళ్తే ఆవిడ ఎలా అడ్డం వస్తుందో, అచ్చం అలాగే వచ్చింది. 

 నోరు తెరిస్తే మాట వస్తుందో లేదో నిదానానికి తెలియదు.

"మీరు వెళ్ళండి," అంది. ఆ గొంతు తనదిలా లేదు. "మేం ఇంకా చూడాలి."

ఆయన ముందు ఆమెనీ, తర్వాత ముసలి దంపతులనీ, కాపలా మనిషినీ చూశాడు. "సరే, మీరంతా మాట్లాడుకోండి," అని చిన్నగా నవ్వి, నడిచి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటేదాకా చెయ్యి జేబులోనే ఉంది.

వాళ్ళు గది మధ్యలో ఉన్న బల్ల మీద కూర్చున్నారు. నిదానం కూతురి వేళ్ళు పట్టుకుని, "ఎప్పట్నుంచి?" అంది.

"మొదట్నుంచీ."

"చదువుకుంటున్నావనుకున్నాను."

"పుస్తకం తెచ్చుకునేదాన్ని. నాన్న ముందుగదిలో ట్యూషన్ చెబుతుంటే గడియ తీద్దామని రెండుసార్లు లేచాను." చిట్టి నేల చూసింది. "భయమేసింది."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"నాకు తెలీదనుకుని నువ్వు బాగానే ఉండేదానివి కదా. తెలుసని తెలిస్తే ఇంకా ఏడుస్తావని."

నిదానం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి దగ్గు కాదు.

"ఆ టీచరు మాత్రం," అంది రేడియో, కళ్ళు తుడుచుకుని. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక వెతుక్కుంటున్నట్టుంది. "అన్నేళ్ళు చూస్తూ రంగులేసుకుంటూ కూర్చుందా? ఒక్క కేక వేయొచ్చు కదా."

నిదానం కూడా అదే అనుకుంటోంది. ఆ తెర వెనక నిలబడి కుంచె కడుక్కున్న మనిషి మీద కోపం వచ్చింది. వెంటనే, ఆ మనిషి చూసి ఉండకపోతే ఇవాళ తన పక్కన ఎవరుండేవారన్నదీ తోచింది. రెండూ ఒకదానితో ఒకటి కలవకుండా గుండెలో అలాగే ఉండిపోయాయి.

"మనం మాత్రం ఏం చేశాం?" అంది పెద్దక్క. "చలికాలమంతా దగ్గుతూ డ్యూటీకి వచ్చేది. ఎందుకని ఒక్కరోజైనా అడిగామా? నెమ్మదిగా చేస్తుందని పేరు పెట్టి నవ్వుకున్నాం." ఆవిడ మోకాలు పట్టుకుని లేచింది. "పదండి. ఈ పూట మా ఇంట్లో పడుకుందురు. రేపటి సంగతి రేపు."

ఆ రాత్రి నిదానానికి కునుకు పట్టలేదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా లేచి కూర్చుంది. ప్రతిసారీ అవి పై అంతస్తుకి వెళ్ళిపోయాయి. చిట్టి మాత్రం గోడవైపు తిరిగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

సోమవారం పొద్దున చిట్టిని రేడియోనే బడి దాకా తీసుకెళ్ళి దింపి వచ్చింది. ఆసుపత్రిలో ఎప్పటిలాగే ట్రేలు దిగాయి. నిదానం కత్తెరలు తెరిచి, చూసి, మూస్తోంది. తొందరపెట్టిన వాళ్ళు లేరు. మధ్యాహ్నం కావస్తుండగా గోడకున్న ఫోను మోగింది. రేడియో ఎత్తి, విని, అరచెయ్యి అడ్డం పెట్టి, శబ్దం లేకుండా "మాస్టారు" అంది. మాట్లాడక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నిదానం చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఎప్పుడొస్తున్నారు?" అన్నాడు ఆయన. అదే మెత్తటి గొంతు. వినగానే ఆమె వెన్ను తనంతట అదే వంగింది.

"తెలియదండి."

"చిట్టి?"

"బడికి వెళ్ళింది."

 తర్వాత, "ఆ బొమ్మలు ఇంకెన్నాళ్ళు ఉంచుతారట?" అన్నాడు.

"నెలాఖరు దాకా అండి."

"మా బడి పిల్లల్ని కూడా తీసుకెళ్తారట. హెడ్మాస్టరు చెప్పాడు." ఆయన గుటక వేసిన చప్పుడైంది. "అది మన ఇల్లని నువ్వెవరితోనైనా అన్నావా?"

ఆ గొంతులో మెత్తదనం వెనక ఉన్నదేమిటో ఆమె వెంటనే పోల్చుకుంది. తన గొంతులో ఇన్నేళ్ళుగా విని విని ఎరిగినదే. ఎండిన నాలుక, మాటకీ మాటకీ మధ్య ఆగి వినడం.

"నేనెవరికీ చెప్పలేదండి," అంది. "జనమే వచ్చి చూసి పోతున్నారు."

 ఆమె ఫోను పెట్టేసి బల్ల దగ్గరికి వచ్చింది. మూటకి గుడ్డ పరిచింది గానీ మడత నిలవడం లేదు. పెద్దక్క గుడ్డకి అవతలి కొస పట్టుకుంది.